రిషికేశ్‌లో గంగ మీద ఒక రోజు రాఫ్టింగ్: ఎలా ప్లాన్ చేసుకోవాలి

హరిద్వార్‌కో చార్‌ధామ్‌కో కుటుంబంతో బయల్దేరితే, టికెట్లు బుక్ అయిన రోజే పిల్లలు అడిగేస్తారు: "రిషికేశ్‌లో రాఫ్టింగ్ కూడా పెట్టుకుందామా?" పెట్టుకోండి. ఈత రానివాళ్ళు కూడా గాలి నింపిన రబ్బరు పడవలో కూర్చుని, గంగలో తెడ్డు వేసి నవ్వుకుంటూ దిగిపోతున్నారు. కాకపోతే చాలామంది దీన్ని దర్శనానికీ రుద్రాక్షల షాపింగ్‌కీ మధ్య రెండు గంటల పనిలా ఇరికిస్తారు. రాఫ్టింగ్ కొట్లుండే తపోవన్ రోడ్డు మీద నిలబడి ఐదు నిమిషాల్లో బేరం తేల్చేస్తారు. తర్వాత నది మధ్యలో, అమ్మ భయంతో బిగుసుకుపోయాక, "చిన్న ట్రిప్ తీసుకోవాల్సింది" అనుకుంటారు. నీళ్ళలోకి దిగాక మీరు మార్చగలిగేది దాదాపు ఏమీ ఉండదు, అక్కడ గైడ్ మాటే మాట. అందుకే ఎక్కువ భాగం ఒడ్డున చేయాల్సిన పనుల గురించే చెబుతున్నాను.

ముందు క్యాలెండర్ తీయండి

జూలై, ఆగస్టుల్లో రాఫ్టింగ్ బంద్. వానలకు గంగ బురదరంగు తిరిగి, దుంగలు మోసుకుంటూ వస్తుంది. సెప్టెంబరు రెండో సగంలో నీటిమట్టం చూసి మళ్ళీ తెరుస్తారు, జూన్ దాకా నడుస్తుంది. ఆ మూసిన రోజుల్లో ఎవరైనా "మేం తీసుకెళ్తాం సార్, ఏం పర్లేదు" అంటే అక్కడి నుంచి వచ్చేయండి.

తెరిచి ఉన్న నెలల్లో కూడా నది ఒకేలా ఉండదు. దసరా సెలవుల్లో వెళ్తే వానాకాలం నీరు ఇంకా పూర్తిగా తగ్గి ఉండదు, అలలు పెద్దవి. సంక్రాంతి సెలవుల్లో వెళ్తే నీరు తక్కువ, ఆకుపచ్చగా అద్దంలా ఉంటుంది, కానీ చలి ఎముకల్లోకి దిగుతుంది. మంచు కరిగి వచ్చే నీళ్ళు కాబట్టి మే నెల మిట్టమధ్యాహ్నం కూడా గంగ చల్లగానే ఉంటుంది, ఇక జనవరిలో చెప్పక్కర్లేదు. నన్నడిగితే మార్చి, లేదా అక్టోబరు చివరి నుంచి నవంబరు. పిల్లల బళ్ళ వల్ల వేసవి సెలవులే దిక్కయితే వారం మధ్యలో రోజు చూసుకోండి. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం దాకా ఢిల్లీ మొత్తం రిషికేశ్ మీద పడుతుంది. మే, జూన్‌లలో చార్‌ధామ్ వాహనాలు కూడా అదే రోడ్డు మీద ఉంటాయి. పది కిలోమీటర్లు కదలడానికి గంటలు పట్టిన రోజులున్నాయి.

చార్‌ధామ్ కూడా ఉంటే రాఫ్టింగ్‌ని యాత్ర ముందు పెట్టకండి, కిందికి దిగొచ్చాక పెట్టండి. ముందు రోజు చన్నీళ్ళలో తడిసి, జలుబుతో కేదార్‌నాథ్ నడక మొదలుపెట్టడం తెలివైన పని కాదు. అయితే కొండచరియలు పడి దారిలో ఒక రోజు చిక్కుకుపోవడం అక్కడ మామూలే. అందుకని తిరుగు రైలుకు ముందు ఖాళీ రోజొకటి ఉంచుకోండి. దారి బాగుంటే అదే రాఫ్టింగ్ రోజవుతుంది.

ఇంకో లాభం కూడా ఉంది. బదరీనాథ్ రోడ్డు ఈ రాఫ్టింగ్ జరిగే గంగ పక్కనే పోతుంది. పైకి వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీలో కూర్చుంటే శివ్‌పురి, బ్యాసీ, కౌడియాలా దాటుతుంటే కింద రాఫ్టులు కనిపిస్తాయి. ఇంట్లో ఎవరి మొహంలో ఉత్సాహం ఉందో, ఎవరి మొహంలో భయం ఉందో అప్పుడే తెలిసిపోతుంది.

ఎక్కడ ఎక్కాలి: అసలు నిర్ణయం ఇదే

నదిని నాలుగు నిడివుల్లో అమ్ముతారు. దిగే చోటు అన్నిటికీ దాదాపు ఒకటే, రిషికేశ్‌లో నిమ్ బీచ్ చుట్టుపక్కల. ఎక్కే చోటే మారుతుంది. బ్రహ్మపురి నుంచి అయితే 9 కిలోమీటర్లు, శివ్‌పురి నుంచి 16, మెరైన్ డ్రైవ్ నుంచి సుమారు 25, కౌడియాలా నుంచి సుమారు 35. ఈ మెరైన్ డ్రైవ్ ముంబైది కాదు, కొండరోడ్డు మీద ఒక చోటికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు.

నది ఇరుకై, రాళ్ళ మీద నుంచి ఉరవడిగా దూకే చోట్లను అందరూ రాపిడ్ అనే అంటారు. వాటికి 1 నుంచి 6 వరకు గ్రేడ్లు ఉన్నాయి. 1 అంటే కాస్త కదిలే నీళ్ళు, 6 అంటే ఆరితేరినవాళ్ళు కూడా ప్రాణాలకు తెగించి దిగేవి. మామూలు పర్యాటకుడికి 3 దగ్గరే కావలసినంత సరదా దొరుకుతుంది.

బ్రహ్మపురి ట్రిప్ గంట, గంటన్నరలో అయిపోతుంది. తేలికపాటి రాపిడ్లు, మధ్యలో ప్రశాంతంగా సాగే నీళ్ళు. నీళ్ళంటే జంకేవాళ్ళకు, మొదటిసారి వచ్చే పెద్దవాళ్ళకు ఇది చాలు. దీన్ని చిన్నచూపు చూడకండి.

ఎక్కువమంది తీసుకునేది శివ్‌పురి. ఎక్కడం దిగడం కలిపి రెండున్నర, మూడు గంటలు. రిటర్న్ టు సెండర్, రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్, క్లబ్ హౌస్ అనే రాపిడ్లు ఇందులోనే వస్తాయి. రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ రెండూ గ్రేడ్ 3కి కాస్త పైనే, నీరు పెరిగితే 4 దాకా పోతాయి. మీరు ఫోన్లో చూసి ఉవ్విళ్ళూరిన వీడియో చాలావరకు ఈ రెండిటిలో ఒకదానిదే అయి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న, నీళ్ళంటే మరీ భయం లేని కుటుంబానికి శివ్‌పురి సరిగ్గా సరిపోతుంది.

మెరైన్ డ్రైవ్ నుంచి మొదలుపెడితే త్రీ బ్లైండ్ మైస్, క్రాస్ ఫైర్ లాంటివి కలుస్తాయి, సగం రోజు పోతుంది. కౌడియాలా అంటే పూర్తి రోజు. డేనియల్స్ డిప్ తర్వాత వచ్చే "ద వాల్" గ్రేడ్ 4. అక్కడ రాఫ్టులు బోల్తా పడటం వింత కాదు. నీటిమట్టం బాగాలేదనిపిస్తే గైడ్లు మనుషుల్ని దింపి, ఒడ్డు వెంట నడిపించి, రాపిడ్ దాటాక మళ్ళీ ఎక్కిస్తారు. ఇంతకుముందు రాఫ్టింగ్ చేసి, ఈత వచ్చి, మూడు నాలుగు గంటలు తెడ్డు వేసే సత్తువ ఉన్న కుర్రాళ్ళ గుంపుకు తప్ప కౌడియాలా నేను చెప్పను.

ఇక ఎంచుకునే పద్ధతి. గుంపులో అందరికంటే ధైర్యం, బలం తక్కువ ఉన్నది ఎవరికో చూడండి. ట్రిప్ వాళ్ళను బట్టి ఖాయం చేయండి. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. అందరికంటే దూకుడున్న బావమరిది మెరైన్ డ్రైవ్ అంటాడు, మొహమాటానికి మిగతావాళ్ళు తలూపుతారు. రాఫ్టులో ఎనిమిది మందికి ఒక్కడే గైడ్. ఒక్కరు బెదిరి తెడ్డు వదిలేసినా ఆ లోటు మిగతా ఏడుగురి మీదా పడుతుంది. అందరికీ ఒకే ట్రిప్ కుదరకపోతే రెండుగా విడిపోండి. పెద్దలు బ్రహ్మపురి తీసుకుంటారు, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఎవరో ఒక పెద్దవాళ్ళతో రూములో ఉంటారు, కుర్రాళ్ళు శివ్‌పురికి పోతారు. సాయంత్రం ఎలాగూ అందరూ కలుస్తారు.

కొందరికి అసలు వద్దు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు, మూర్ఛ, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు, వెన్నుకో కీళ్ళకో ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు. ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగాలి, ఇన్‌హేలర్ గైడ్ దగ్గరుండే డ్రై బ్యాగ్‌లో (నీళ్ళు చొరని సంచిలో) పెట్టించాలి. "మా అబ్బాయి పన్నెండేళ్ళకే పొడుగ్గా ఉంటాడు" అని వయసు పెంచి రాయించకండి. నదికి ఆధార్ కార్డు చూపించలేం.

ఎవరితో వెళ్ళాలి

ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ లైసెన్సు ఉన్నవాళ్ళే రాఫ్టులు నడపాలి. రిషికేశ్‌లో ప్రతి హోటలూ, ప్రతి స్కూటర్ అద్దె కొట్టూ రాఫ్టింగ్ టికెట్ అమ్ముతుంది. వాళ్ళలో చాలామంది కమీషన్ మీద ఇంకొకరికి అప్పజెప్పేవాళ్ళే. కాబట్టి డబ్బు కట్టేముందు "రాఫ్టు ఎవరిది, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది" అని అడగండి. ఆన్‌లైన్‌లో బుక్ చేసినా ఈ ప్రశ్న తప్పదు. కుదిరితే ముందు రోజు సాయంత్రమే వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి సామాను చూసి రండి. నలిగి, బకిల్స్ విరిగిన లైఫ్ జాకెట్లు గోడకు వేలాడుతుంటే మిగతా మాటలు అనవసరం.

ఇంకా అడగాల్సినవి: గైడ్‌కి లైసెన్సు కార్డు ఉందా, ప్రథమ చికిత్స శిక్షణ ఉందా. రాఫ్టు వెంట రక్షణకు కయాక్ (ఒక్కరు నడిపే చిన్న పడవ) వస్తుందా, కనీసం ఇంకో రాఫ్టుతో కలిపి పంపుతారా. బీమా ఉందా. రాఫ్టులో ఎంతమందిని ఎక్కిస్తారు? గైడ్ కాక ఎనిమిది మంది దాటితే ఒప్పుకోకండి. పైకి తీసుకెళ్ళే జీపు, హెల్మెట్, లైఫ్ జాకెట్ ధరలో కలిసే ఉన్నాయా? సాధారణంగా కలిసే ఉంటాయి. వీడియో మాత్రం విడిగా అమ్ముతారు.

ఆ వీడియో గురించి ఒక మాట. గైడ్ ఒక చేత్తో కెమెరా కర్ర, ఇంకో చేత్తో తెడ్డు పట్టుకుంటానంటే వద్దనండి. రాపిడ్‌లో అతని రెండు చేతులూ మీకు కావాలి. హెల్మెట్‌కి బిగించే కెమెరా అయితే ఇబ్బంది లేదు, ధర ముందే మాట్లాడుకోండి. ఒడ్డుకు చేరాక మొదలయ్యే బేరంలో మీ మాట చెల్లదు.

బేరం చేయొద్దని కాదు, రద్దీ లేని రోజున బాగానే తగ్గుతారు. అందరికంటే ఒక వంద తక్కువ చెప్పాడని మాత్రం ఎంచుకోకండి. ఆ వంద తగ్గేది ఎక్కువగా కయాక్ మీదో కొత్త జాకెట్ల మీదో.

మొదటి బ్యాచ్ అడగండి, ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య. రోడ్డు ఖాళీగా ఉంటుంది, నది మీద రాఫ్టుల గుంపు తక్కువ, మధ్యాహ్నం లేచే ఎదురుగాలి ఇంకా మొదలవదు. ఎదురుగాలికి తెడ్డు వేస్తే భుజాలు మర్నాడు గుర్తుచేస్తాయి.

ముందు రాత్రి సర్దుకోవాల్సినవి

నీళ్ళలోకి త్వరగా ఆరే బట్టలే. పాలిస్టర్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు లేదా షార్ట్. జీన్స్ తడిస్తే ఇనుప బరువు. చీర, చున్నీ, వదులు కుర్తా వద్దేవద్దు, ఎక్కడో ఒకచోట చిక్కుకుంటాయి. చలి నెలల్లో అయితే ఆపరేటర్ దగ్గర వెట్‌సూట్ (నీళ్ళలో చలి ఆపే రబ్బరు సూట్) ఉందేమో అడగండి.

కాళ్ళకు వెనక పట్టీ ఉన్న శాండిల్స్ గానీ పాత కాన్వాస్ బూట్లు గానీ. హవాయి చెప్పులు మొదటి రాపిడ్‌లోనే గంగార్పణం.

మన ఆడవాళ్ళు ముఖ్యంగా చూసుకోవాల్సింది బంగారం. నల్లపూసలు, గొలుసు, గాజులు, పట్టీలు, వదులైన ఉంగరాలు అన్నీ రూములో లాకర్లో పెట్టి రండి. పోతాయని ఒక భయమైతే, తాడుకో పక్కవాళ్ళ జాకెట్‌కో తగులుకుని గాయమవుతుందని ఇంకో భయం. మంగళసూత్రం తీయడానికి మనసొప్పకపోతే పసుపుతాడుకు మార్చుకుని లోపలికి వేసుకోండి. జడ కిందికి బిగించి అల్లుకోండి. పెద్ద క్లిప్పు పెడితే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు.

కళ్ళద్దాలకు వెనక నుంచి తాడు కట్టండి, అక్కడి కొట్లలో దొరుకుతుంది. ఫోను రూములోనే ఉంచితే మేలు. పొడిబట్టలు, తువ్వాలు ఒక సంచిలో పెట్టి దిగే చోటుకు చేర్చే ఏర్పాటు అడగండి. ముందు రాత్రి మందు వద్దు. రిషికేశ్ పట్టణంలో మద్యం ఎలాగూ నిషేధం. పొద్దున బరువైన పూరీలు కాకుండా ఏదైనా తేలిగ్గా తినండి, ఖాళీ కడుపుతో మాత్రం వెళ్ళకండి.

ఒడ్డున ఆ పదిహేను నిమిషాలు

రాఫ్టును నెత్తిన కట్టుకుని జీపు మిమ్మల్ని పైకి చేరుస్తుంది. అక్కడ గైడ్ చెప్పే పాఠాన్ని సెల్ఫీలతో పాడుచేసుకోకండి.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక పక్కవాళ్ళను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టు, పట్టీలు ఇంకా బిగించాలి లేదా చిన్న సైజు అడగాలి. జాకెట్ బిగుతుగా ఉండాలి, కానీ ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది కలగకూడదు. హెల్మెట్ నుదుటిని కప్పాలి, గడ్డం కింద పట్టీ బిగించి ఉండాలి. రిషికేశ్ వచ్చేదాకా ఈ రెండూ తీయకూడదు, నీళ్ళు ఎంత నిదానంగా కనిపించినా. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో ఏం జరిగిందో మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

గైడ్ ఎక్కువగా హిందీలో మాట్లాడతాడు, నది మీద ఆదేశాలు మాత్రం ఇంగ్లీషులో అరుస్తాడు. హిందీ రాని అత్తయ్యో పెద్దనాన్నో ఉంటే ముందే తెలుగులో నేర్పండి. "ఫార్వర్డ్" అంటే ముందుకు వంగి తెడ్డును వెనక్కి లాగాలి. "బ్యాక్" అంటే తెడ్డును వెనక ముంచి ముందుకు తొయ్యాలి. "స్టాప్" అంటే తెడ్డు నీళ్ళలోంచి తీసి ఒళ్ళో పెట్టుకోవాలి. "గెట్ డౌన్" అంటే అంచు మీద నుంచి రాఫ్టు లోపలికి జారి, తాడు పట్టుకుని కూర్చోవాలి. ఈ నాలుగూ నోటికొస్తే చాలు.

తెడ్డు పట్టుకునే తీరు కూడా చూసుకోండి. పైన టి ఆకారంలో ఉండే పిడిని అరచెయ్యి ఎప్పుడూ కప్పి ఉంచాలి. రాఫ్టింగ్‌లో ఎక్కువగా తగిలే దెబ్బలు నది కొట్టేవి కావు. పక్కవాళ్ళ తెడ్డు పిడి పళ్ళకు తగలడం వల్ల వచ్చేవి. కూర్చునేది లోపల కాదు, గాలి నింపిన అంచు మీద. పాదాన్ని ముందున్న అడ్డ ట్యూబు కిందికి దోపితే అదే పట్టు. ముందు వరుసలో ఒకే లయలో తెడ్డు వేయగల ఇద్దరిని పెట్టండి, వెనకవాళ్ళంతా వాళ్ళను చూసే వేస్తారు. భయపడేవాళ్ళను మధ్యలో, గైడ్‌కి దగ్గరగా.

రాపిడ్‌లోకి వెళ్ళగానే అందరికీ తెడ్డు ఆపి తాడు పట్టుకోవాలనిపిస్తుంది. గైడ్ "గెట్ డౌన్" అనేదాకా ఆపకండి. తెడ్లు ఆగితే రాఫ్టు అలలకు అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన రాఫ్టే బోల్తా కొడుతుంది.

నీళ్ళలో పడితే

పడొచ్చు. మొదటి రెండు క్షణాలు చల్లదనానికి ఊపిరి బిగుసుకుంటుంది. జాకెట్ మిమ్మల్ని పైకి తెస్తుంది, అప్పటిదాకా నోరు మూసుకోండి. రాఫ్టు చేతికందేంత దగ్గరుంటే దాని చుట్టూ ఉన్న తాడు పట్టుకోండి. పైకి ఎక్కించేవాళ్ళు మీ చేతులు కాదు, జాకెట్ భుజాల పట్టీలు పట్టుకుని లాగాలి. ఈ సంగతి పడనివాళ్ళకే ముందు తెలిసుండాలి.

దూరంగా కొట్టుకుపోతుంటే వెల్లకిలా తిరగండి. కాళ్ళు ప్రవాహం పోయే వైపు, వేళ్ళు నీటి పైకి కనిపించేలా, మోకాళ్ళు కాస్త వంచి. రాళ్ళు వస్తే పాదాలతో తోసుకోవచ్చు. లోతు తక్కువుందని నిలబడే ప్రయత్నం మాత్రం చేయకండి. పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే నీరు మనిషిని ముందుకు వంచేస్తుంది, అందులోంచి తల ఎత్తడం కష్టం. గైడ్ తాడున్న సంచి విసురుతాడు. సంచి కాదు, తాడు పట్టుకోండి. ఛాతీ దగ్గర పట్టుకుని వెల్లకిలానే ఉంటే వాళ్ళే లాగేస్తారు, తాడును చేతికి చుట్టుకోకూడదు. రాఫ్టు కిందికి వెళ్ళిపోతే చేతులతో దాని అడుగును తడుముతూ ఒకే వైపుకు జరగండి, బయటికి వచ్చేస్తారు.

మధ్యలో ఆగే చోట

శివ్‌పురి ట్రిప్‌లో దారిలో ఒక ఇసుక ఒడ్డున ఆపుతారు. టీ, మ్యాగీ ఉంటాయి. తడిసి వణుకుతూ తినే ఆ మ్యాగీకి ధర ఎక్కువైనా ఎవరూ గొణగరు. కొన్ని చోట్ల రాతి మీద నుంచి నీళ్ళలోకి దూకడం కూడా ఉంటుంది. "దూకు బావా, ఏం కాదు" అనే ఒత్తిడి అక్కడే మొదలవుతుంది. ఈత రానివాళ్ళు, నడుంనొప్పి ఉన్నవాళ్ళు దూకొద్దు. దూకేవాళ్ళు గైడ్ చూపించిన చోటు నుంచే, కాళ్ళు ముందుగా, చేతులు ఛాతీకి ఆనించి. నిదానమైన నీళ్ళలో తాడు పట్టుకుని తేలడానికి ఒప్పుకుంటే మాత్రం తప్పకుండా దిగండి. నా లెక్కలో మొత్తం ట్రిప్‌లో మంచి భాగం అదే.

రాఫ్టింగ్ చేయనివాళ్ళు మీ ఫొటోలు తీయడానికని నది మధ్యలో ఉన్న రాళ్ళ మీదికి దిగకూడదు. పైన భాగీరథి మీద టెహ్రీ, అలకనంద మీద శ్రీనగర్ (కాశ్మీర్‌ది కాదు, ఉత్తరాఖండ్‌ది) డ్యాములున్నాయి, నీటిమట్టం వాన లేకుండానే పెరగొచ్చు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో అలా నిలబడిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది లార్జీ డ్యాము వదిలిన నీటికి కొట్టుకుపోయారు. వాళ్ళు రాఫ్టింగ్ చేయడం లేదు, ఊరికే ఫొటోలకు దిగారు. మీ వాళ్ళను ఘాట్ మెట్ల మీదో గదిలోనో ఉండమనండి.

దిగాక

తడిబట్టలు వెంటనే మార్చుకోండి, చెవుల్లోంచి నీరు బయటికి పోయేదాకా తల వంచండి. వీడియో మీ ఫోన్లోకి ఎక్కిందో లేదో, తెరుచుకుంటోందో లేదో చూశాకే డబ్బివ్వండి. గైడ్ బాగా చూసుకుంటే విడిగా చేతిలో ఏదైనా పెట్టడం అక్కడి అలవాటు.

మధ్యాహ్నం పనులేమీ పెట్టుకోకండి, నిద్ర ముంచుకొస్తుంది. సాయంత్రం త్రివేణి ఘాట్‌లోనో, అవతలి ఒడ్డున పరమార్థ నికేతన్‌లోనో హారతి చూడొచ్చు. లక్ష్మణ్ ఝూలాను 2020లో మూసేశారు, నది దాటడానికి రామ్ ఝూలా గానీ జానకీ సేతు గానీ పట్టుకోవచ్చు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్ర ఆశ్రమం కూడా రిషికేశ్‌లోనే ఉంది, వేంకటేశ్వర స్వామి గుడితో సహా. రాఫ్టుకు రాని పెద్దవాళ్ళు పొద్దున్నే అక్కడ దర్శనం చేసుకుంటే వాళ్ళ రోజు కూడా వృథా కాదు.

ఆ రాత్రికే హరిద్వార్‌లో రైలు గానీ, జాలీగ్రాంట్‌లో (డెహ్రాడూన్ విమానాశ్రయం) విమానం గానీ బుక్ చేసుకోకండి. దూరం చూస్తే పాతిక కిలోమీటర్లలోపే. వేసవి వారాంతంలో ఆ పాతిక కిలోమీటర్లకే రైలు తప్పిపోతుంది.